దిద్దే చెయ్యి

మా అమ్మాయి పిచ్చుక రెండో తరగతిలో ఉండగా, యాభై రెండులోంచి పదిహేడు తీసేస్తే నలభై ఐదు మిగులుతుందని రాసింది. ఒక్క లెక్క అయితే పోనీలే అనుకునేదాన్ని. పేజీ నిండా అవే. ఎనభై ఒకటిలోంచి ఇరవై ఆరు తీస్తే అరవై ఐదట. నలభై మూడులోంచి పంతొమ్మిది తీస్తే ముప్పై ఆరట. వేళ్ల మీద లెక్కపెట్టి, పాత క్యాలెండరు వెనక గీతలు గీసి, మళ్లీ లెక్కపెట్టి, తప్పు పిల్లదేనని తేలాక పుస్తకం పట్టుకెళ్లి మా ఆయన ముందు పెట్టాను.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. అమ్మ మంచాన పడింది, తమ్ముళ్లిద్దరూ పసివాళ్లు, ఇంట్లో పొయ్యి వెలిగించే మనిషి కావాల్సొచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్లు జిరాక్స్ షాపులో పని, పంతొమ్మిదికి పెళ్లి, ఇరవైకి పిచ్చుక. నా బుర్రే దానికీ వచ్చిందేమోనని నా భయం. నాకు భయపడటం కొత్త కాదు. గ్యాస్ కట్టేశానో లేదో రెండుసార్లు చూసుకుంటాను, తాళం వేశాక మూడోసారి చూడ్డానికి తలుపు తీస్తాను. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. నన్ను ఇంట్లో "అలారం" అని పిలుస్తాడు.

"లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపల ఇరుక్కున్నవాళ్లు కూడా నీ అంత కంగారు పడరే బాబూ," అన్నాడు నోటుపుస్తకం చూసి. "ఏడేళ్ల పిల్ల. రెండో తరగతి లెక్క."

"ఏడేళ్లకే ఇలా ఉంటే పదేళ్లకి ఎలా ఉంటుందండీ?"

"నా కొడుక్కి ముప్పై రెండు," అంది మా అత్తయ్య వంటింట్లోంచి. "ఇప్పటికీ చొక్కా గుండీలు ఒకటి కిందకీ ఒకటి మీదకీ పెట్టుకుంటాడు. వాడు బతకట్లేదూ? ఊరికే గుండెలు బాదుకోకు."

మర్నాడు పొద్దున్న పిల్లతోపాటు నేనూ బడికి వెళ్లాను. రెండో తరగతి చెప్పేది టీచరమ్మ. ఆవిడకి పేరుందని తెలుసుగానీ ఎవరూ వాడగా వినలేదు. యాభై ఐదేళ్లు, సన్నటి మనిషి, కొప్పులో ఎప్పుడూ ఎర్ర పెన్ను. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని లాగి, ఎదురుగా ఏ కాగితం ఉంటే దాని మీద టిక్కులు పెట్టేస్తుంది. బడి బయట గోడ మీద రంగులతో రాసిన నినాదంలో పొల్లు ఒకటి పోతే, అది కూడా ఆవిడే పెన్నుతో పెట్టిందని పిల్లలు చెప్పుకుంటారు.

పుస్తకం చేతిలో పెట్టి, తిట్లకి సిద్ధపడి నించున్నాను. ఆవిడ ఒక్కో లెక్కా చూస్తూ నవ్వడం మొదలుపెట్టింది. వెటకారం నవ్వు కాదు. పోగొట్టుకున్న వస్తువు దొరికితే నవ్వే నవ్వు.

"ఈ పేజీ నాకిస్తావా అమ్మాయ్?"

"హెడ్మాస్టరుగారికి చూపిస్తారా టీచర్?"

"ఇంత మంచి తప్పు ఆయనకెందుకు? నాక్కావాలి." పక్కన కుర్చీ చూపించింది. "కూర్చో. మీ పిల్ల ఏం చేస్తోందో చూడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీస్తోంది. ఆ పెద్దది పైనుందా కిందుందా అన్నది దానికి పట్టదు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసింది. పేజీ మొత్తంలో ఒక్కచోట కూడా ఆ నియమం తప్పలేదు. గాలికి రాసిన పిల్ల ఇలా రాయదు. తనకంటూ ఒక పద్ధతి పెట్టుకుంది. పద్ధతి మార్చొచ్చు. ఏ పద్ధతీ లేని పిల్లలతోనే నాకు కష్టం."

నాకు ఏడుపొచ్చింది. పిల్ల బాగుందని డాక్టరు చెప్పినప్పుడు వచ్చే ఏడుపు.

అప్పుడే తెలిసింది, ఆవిడ పీహెచ్‌డీ చేస్తోందని. పిల్లలు తీసివేతల్లో ఎలాంటి తప్పులు చేస్తారు, ఎందుకు చేస్తారు అన్నది విషయం. ఐదు బళ్లు, మూడు వందల పన్నెండు మంది పిల్లలు, ఒక్కొక్కరికీ ఇరవై లెక్కలు. నాలుగేళ్లుగా పరీక్ష పెట్టి, పిల్లలు రాసిన జవాబులన్నీ నాలుగు పొడుగు రిజిస్టర్లలోకి తనే ఎక్కించుకుంటోంది. మా పిచ్చుక క్లాసు వంతు ఆ నెలలోనే, అర్ధసంవత్సరం పరీక్షలతోపాటే వచ్చింది. అందులోనూ మా పిల్ల యాభై రెండులోంచి పదిహేడు తీస్తే నలభై ఐదని రాసొచ్చింది. టీచరమ్మ ఆ కాగితం నాకు ప్రత్యేకంగా చూపించి మరీ మురిసిపోయింది.

"మరి ఆ రిజిస్టర్లు కంప్యూటర్‌లోకి ఎవరెక్కిస్తారు టీచర్?" అన్నాను. జిరాక్స్ షాపు అలవాటు, నోరు జారింది.

"నేనే. ఒక్క వేలితో."

"ఆ వేలితో అయితే ఇంకో నాలుగేళ్లు పడుతుంది కదండీ."

"నా దగ్గర నాలుగు నెలలే ఉన్నాయి," అంది ఆవిడ. ఈసారి నవ్వలేదు. "రిజిస్ట్రేషన్ గడువు రెండుసార్లు పొడిగించారు. ఇది ఆఖరిది. ఏప్రిల్ ముప్పై లోపల థీసిస్ ఇవ్వకపోతే నా పేరు కొట్టేస్తారు. ఈ వయసులో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనివ్వరు."

నేను టైపు చేస్తానన్నాను. డబ్బులొద్దు, పిచ్చుకకి రోజూ అరగంట లెక్కలు చెబితే చాలన్నాను.

టీచరమ్మ ఉండేది మా వీధి చివర మేడ మీది గదిలో. భర్తకి వేరే ఊళ్లో ఉద్యోగం, ఆదివారాలు వచ్చి "ఇంకా అవలేదా?" అని అడిగి వెళ్తాడు. బడిలో పారేసిన బెంచీని బల్లగా మార్చుకుంది. మంచం కింద నాలుగు అట్టపెట్టెలు. వాటి నిండా పిల్లలు రాసిన అసలు కాగితాలు. పిల్లలు పెన్సిల్‌తో గీసిన పిల్లి బొమ్మ కూడా పారేయలేదావిడ. నేను బడి వేళల్లో ఆవిడ గది తాళం తీసుకుని టైపు చేసేదాన్ని. ఆవిడ వచ్చాక పిచ్చుక చాప మీద కూర్చునేది, ఆవిడ చదువు కథ ముక్కలు ముక్కలుగా వినపడేది.

పద్దెనిమిదేళ్లకి ఆవిడకి ఫిజిక్స్ చదవాలని ఉండేదట. ఒక ఏడాది ట్రైనింగైతే ఉద్యోగం వస్తుందని వాళ్ల నాన్న టీచర్ ట్రైనింగ్‌లో చేర్పించాడు. మొదటి పోస్టింగు రోజుకి రెండు బస్సులు వచ్చే చోట. అక్కడ లాంతరు పెట్టుకుని, పోస్టులో పాఠాలు తెప్పించుకుని డిగ్రీ కట్టింది. ఒక పేపరు మూడుసార్లు తప్పింది. మూడోసారి తప్పలేదట, జవాబు పత్రాల కట్టే దారిలో ఎక్కడో పోయిందట. "పోయిన పేపరుకి సున్నా వేశారు. సున్నా కూడా వెయ్యకపోతే బావుండేది," అనేది. ముప్పై నాలుగుకి ఎం.ఏ., ముప్పై తొమ్మిదికి ఎం.ఇడి. నలభై ఒకటికి పీహెచ్‌డీలో చేరింది. మొదటి గైడు ఇచ్చిన టాపిక్కు మీద మూడేళ్లు పని చేశాక ఆయన రిటైరయ్యాడు. రెండో గైడు ఆ టాపిక్కు పాతదైపోయిందని పిల్లల హాజరు మీద చెయ్యమన్నాడు. సగంలో ఉండగా వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. ఈలోగా నియమాలు మారి, పాతవాళ్లందరూ ప్రవేశ పరీక్ష మళ్లీ రాయాలన్నారు.

"నలభై తొమ్మిదేళ్లకి వెళ్లాను పరీక్ష హాలుకి," అంది ఒకరోజు. "గుమ్మంలో ఒకాయన హడావిడిగా ఎదురొచ్చి, 'ఎంతసేపండీ మేడమ్' అని ప్రశ్నపత్రాల కట్ట నా చేతిలో పెట్టాడు. ఇన్విజిలేటరనుకున్నాడు."

"మీరేం చేశారు?"

"అలవాటైన పని కదా, పంచేశాను. ఆఖరిది నేనుంచుకుని కూర్చున్నాను."

ఆ పరీక్ష పాసై, మూడో గైడు దగ్గరికొచ్చింది. ఆయన ఆవిడకంటే పద్దెనిమిదేళ్లు చిన్న. ఆవిడ ఆయన్ని "సార్" అంటుంది, ఆయన ఆవిడని "మేడమ్" అంటాడు, ఇద్దరూ ఒకరు కూర్చునే దాకా ఒకరు కూర్చోరట. "మీకేం తెలుసుకోవాలనుంది మేడమ్?" అని అడిగాడట మొదటి రోజు. పదేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. తీసివేతలు, అని చెప్పిందట వెంటనే.

"ఈ వయసులో ఆవిడకి చదువేమిటే?" అనేది మా అత్తయ్య, నేను ఇంటికొచ్చి ఇవన్నీ చెబుతుంటే. "రిటైరయ్యే ముందు డాక్టరై ఎవరికి సూది వేస్తుంది?" అని, మళ్లీ తనే, "ఆ హాల్లో పేపర్లు పంచింది చెప్పవే ఇంకోసారి," అనేది.

ఏప్రిల్ పదకొండున నాలుగో రిజిస్టరు చివరికొచ్చాను. మా పిచ్చుక నంబరు రెండు వందల తొంభై ఎనిమిది. చెప్పకపోయినా నాకు తెలుసు, వాళ్ల క్లాసు వరసంతా నాకు కంఠతా. ఆ పేజీ తిప్పేటప్పుడు పెళ్లిలో పేరు పిలిచినట్టు సంతోషంగా ఉంది. యాభై రెండు, పదిహేడు. పక్కన టీచరమ్మ గుండ్రటి అక్షరాల్లో ముప్పై ఐదు.

ముప్పై ఐదే రైటు. కానీ మా పిల్ల రాసింది అది కాదు. ఆ నలభై ఐదు నాకు నిద్రలో కూడా కనిపించింది.

కిందకి చూశాను. ఎనభై ఒకటి, ఇరవై ఆరు. యాభై ఐదు. అదీ రైటే. ఇరవై లెక్కల్లో పద్దెనిమిది రైటు.

మంచం కింద పెట్టె లాగి పిచ్చుక కాగితం వెతికాను. ఉంది. నలభై ఐదు, అరవై ఐదు, ముప్పై ఆరు. దాని ముందూ వెనకా ఉన్న పిల్లలవి కూడా తీశాను. కాగితంలో తప్పు, రిజిస్టరులో రైటు. అన్నీ కాదు. కొన్ని పేజీలు అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. కొన్నింటిలో మాత్రం పిల్లలు చేసిన తప్పులు పుట్టకుండానే పోయాయి.

అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ముప్పై ఐదేళ్లుగా సాయంత్రమయ్యేసరికి తప్పు కనపడితే దిద్దే చెయ్యి అది. అలసిపోయి, బడి పుస్తకాల కట్ట దిద్ది పక్కన పెట్టి, వెంటనే రిజిస్టరు తీసి పిల్లల జవాబులు ఎక్కించేటప్పుడు, కళ్లు తప్పుని చూస్తే చెయ్యి ఒప్పు రాసేసింది. ఆవిడకే తెలియకుండా.

పెట్టె లోపలికి తోసి ఇంటికొచ్చేశాను.

రెండు రోజులు చెప్పలేదు. థీసిస్ అంతా రాసేసింది ఆవిడ. మిగిలింది పట్టికలు పెట్టి, అచ్చు తీసి, అట్ట వేయించడమే. పంతొమ్మిది రోజుల్లో రిజిస్ట్రేషన్ పోతుంది. పైగా నేనెవరిని? మనసులో ఇంకో మాట కూడా ఉంది. అది ఎవరికీ చెప్పుకోలేదు. ఆ పెద్ద పుస్తకంలో మా పిల్లకి ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. అలా ఉండిపోతే ఎవరికి నష్టం?

"ఏమిటే, అన్నంలో ఉప్పు రెండోసారి వేస్తున్నావు?" అన్నాడు మా ఆయన. అప్పుడు చెప్పేశాను.

ఆయన కంచం పక్కకి జరిపాడు. "మేము లిఫ్టు తాడు చూస్తాం కదా," అన్నాడు. "ఒక్క పోగు తెగితే ఎవరికీ తెలీదు. నెలలు నడుస్తుంది. కానీ చూసినవాడు చూశానని రాయాలి. రాయకపోతే ఆ తర్వాత ఎక్కేవాళ్లందరి పూచీ వాడిదే."

"ఆవిడ గుండాగి పోతుందండీ."

"పోదు. పరీక్షహాల్లో పేపర్లు పంచిన మనిషి," అంది మా అత్తయ్య.

మర్నాడు ఆదివారం. కాగితం, రిజిస్టరు పక్కపక్కన పెట్టి టీచరమ్మకి చూపించాను.

"నువ్వు వేరే పిల్ల కాగితం తీసినట్టున్నావు," అంది.

"మా పిచ్చుకదే టీచర్. మీరు చూపించి మురిసిపోయారు కూడా."

కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ చూసింది. ఇంకో కాగితం, ఇంకోటి. పదిహేనో కాగితం దగ్గర ఆగిపోయి, తన కుడిచెయ్యిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

"ఈ తప్పు ఎంత బావుందే అని ఎగిరింది నేనే," అంది నెమ్మదిగా. "ఆ సాయంత్రమే దాన్ని చంపేసిందీ నేనే."

తర్వాత ఆవిడ చేసిన పని చూసి నాకు ఇంకా భయమేసింది. థీసిస్‌లో నాలుగో అధ్యాయం బయటికి తీసి నా ముందు పెట్టింది. పరీక్షల నెలల్లో పిల్లలు తీసివేతల్లో తప్పులు బాగా తక్కువ చేస్తారని అందులో ఉంది. గైడుకి ఆ అధ్యాయమంటేనే ఇష్టమట.

"పరీక్షల నెలల్లో నా దగ్గర దిద్దాల్సిన పుస్తకాలు ఎక్కువ ఉంటాయి," అంది. "అంతే అమ్మాయ్. పిల్లలు కాదు తప్పులు తగ్గించింది. నేను." ఆ ముప్పై పేజీలూ తిరగేసి బల్ల మీద బోర్లించింది. "పద్నాలుగేళ్లు."

ఆ మాట తర్వాత ఆవిడ మంచం మీద కూర్చుండిపోయింది. నేను నించునే ఉన్నాను. వెళ్లమంటుందేమోనని చూశాను. ఆవిడ ఫోను తీసి గైడుకి చేసింది. స్పీకరు పెట్టింది, చెవికి పెట్టుకునే ఓపిక లేక కాబోలు.

ఆయన అంతా విని, "మేడమ్," అన్నాడు. "మీరు ఈ ఫోను చెయ్యలేదని నేను అనుకోవచ్చు. పరీక్షకులు అసలు కాగితాలు అడగరు. మీ పేరు కొట్టేస్తే నేను చూడలేను."

"చేసేశాను కదా సార్."

అవతల డైరీ తిరగేసిన చప్పుడు. "అసలు కాగితాలన్నీ ఉన్నాయా?"

"పిల్లి బొమ్మలతో సహా."

"ఇరవై ఐదో తారీఖుకి కొత్త పట్టికలు నా దగ్గరుంటే, నేను రెండు రోజుల్లో చదువుతాను. అవుతుందా మేడమ్?"

టీచరమ్మ నా వైపు చూసింది. ఆరు వేల రెండు వందల నలభై జవాబులు. "అవుతుందని చెప్పండి," అన్నాను. నా నోట్లోంచి అలాంటి మాట ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలీదు.

సోమవారం నుంచి ఆవిడ సెలవు పెట్టింది. నేను ఒక్కదాన్నే కాగితం చూసి కొడితే ప్రతి జవాబూ మూడుసార్లు సరిచూసుకుంటాను, ఈ జన్మకి తెమలదు. అందుకని ఆవిడ చదవడం, నేను కొట్టడం అనుకున్నాం. మొదలుపెట్టి పావుగంట కూడా కాలేదు.

"నలభై నాలుగు, పదహారు. ఇరవై ఎనిమిది," అంది ఆవిడ.

నాకెందుకో అనుమానమొచ్చి తొంగిచూశాను. కాగితంలో ముప్పై రెండు ఉంది.

"టీచర్, ఇప్పుడు నోరు కూడా దిద్దుతోందండీ."

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆవిడ ఏడ్చింది. "నా వల్ల కాదే అమ్మాయ్. నేను కళ్లు మూసుకుని చదవాలేమో."

నేను అట్టపెట్టె మీదున్న మందుల డబ్బా తీసుకున్నాను. ఒక పక్క అట్ట చింపి, కత్తెరతో మధ్యలో చిన్న కిటికీ కోశాను, ఒక్క జవాబు మాత్రమే కనపడేంత. కాగితం మీద పెట్టి చూపించాను. లెక్క అంతా అట్ట కింద దాక్కుంది. కిటికీలో ముప్పై రెండు.

"లెక్క కనపడకపోతే తప్పో ఒప్పో మీకు తెలీదు కదండీ. ఉన్నది ఉన్నట్టు చదువుతారు."

ఆవిడ ఆ అట్టని అటూ ఇటూ తిప్పి చూసింది. కొప్పులోంచి ఎర్ర పెన్ను తీసి నా చేతికిచ్చింది. "ఇది కూడా నీ దగ్గరుంచు, ఇరవై ఐదు దాకా."

అలా నడిచింది. పొద్దున్న పిల్లని బడికి దింపి వెళ్తే మధ్యాహ్నం రెండింటి దాకా ఒకటే పాట. ముప్పై రెండు. నలభై ఐదు. అరవై. సున్నా. మా అత్తయ్య భోజనం పట్టుకొచ్చి గుమ్మంలో నించుని, "ఏమిటమ్మా ఇద్దరూ హౌసీ ఆడుతున్నారా?" అనేది. కళ్లు నొప్పెడితే టీచరమ్మ అట్ట పక్కన పెట్టి కిటికీ దగ్గరికెళ్లేది. అలాంటి ఒక విరామంలో అడిగింది:

"తొమ్మిదో తరగతిలో ఎక్కడ ఆగావు?"

"మానేసింది ఎందుకంటే టీచర్, అమ్మకి..."

"ఎందుకని అడగలేదు. ఎక్కడ?"

నన్ను ఎందుకు మానేశావని అడిగినవాళ్లు బోలెడంతమంది. ఎక్కడ ఆగావని ఎవరూ అడగలేదు. గుర్తుందని నాకే తెలీదు. "త్రిభుజాల దగ్గర," అన్నాను. "మూడు కోణాలూ కలిపితే ఎంతో చెప్పారు. ఎందుకంతే అవుతుందో మర్నాడు చెబుతానన్నారు. ఆ మర్నాడు నేను వెళ్లలేదు."

ఆవిడ ఒక పాత కాగితం తీసుకుని త్రిభుజం కోసింది, మూడు మూలలూ చింపింది, వాటి కొనలు ఒకచోట చేర్చి బల్ల అంచుకి ఆనించి పెట్టింది. మూడూ కలిసి సరళరేఖ అయింది. చూశాను. పదమూడేళ్లు ఆగిన మర్నాడు అది. "సరే, చదవండి," అన్నాను. ఆవిడ మళ్లీ అట్ట తీసుకుంది.

ఇరవై మూడో తారీఖుకి ఆరు వేల రెండు వందల నలభై అయ్యాయి. పాత రిజిస్టరుతో కంప్యూటర్‌లో పోల్చాం. ఆవిడ చెయ్యి దిద్దినవి ఆరు వందల ఎనభై మూడు. అందులో ఆరు వందలకి పైగా పరీక్షల నెలల్లోవే. సరైన అంకెలు వేసేసరికి, పరీక్షల నెలలకీ మామూలు నెలలకీ ఏ తేడా లేదు. నాలుగో అధ్యాయం నిజంగానే పోయింది.

దాని బదులు ఆవిడ పద్దెనిమిది పేజీలు రాసింది, రెండు పగళ్లలో. తప్పులు ఎలా వెతకాలో తెలిసిన టీచరే తప్పుని ఎలా తుడిచేస్తుందో, ఎప్పుడు ఎక్కువ తుడిచేస్తుందో, క్లాసులో పిల్లాడు ఎలా ఆలోచించాడో అడగకుండానే జవాబు ఎలా దిద్దేస్తుందో, అన్నీ తన అంకెలతోనే. గైడు దాన్ని ఒక రోజులోనే చదివి, ఫోను చేసి, "మేడమ్, నేను కూడా ఇలాగే దిద్దుతాను," అన్నాడట.

ముప్పైన మధ్యాహ్నం మూడు గంటలకి యూనివర్సిటీ ఆఫీసులో ఐదు కాపీలు బల్ల మీద పెట్టాం. గుమాస్తా పేజీలు లెక్కపెట్టి, గోడ గడియారం చూసి, "గంటన్నర ముందే వచ్చారే!" అని ముద్ర వేశాడు. రసీదు పట్టుకుని బయటికొచ్చాక టీచరమ్మ మెట్ల మీద చతికిలబడింది. కాసేపు అక్కడే కూర్చున్నాం. "పేరు కొట్టలేదు," అంది రసీదు చూసుకుంటూ. "ఇక వాళ్లిష్టం."

వాళ్ల ఇష్టం తేలడానికి ఏడు నెలలు పట్టింది. ఆఖరి మౌఖిక పరీక్షకి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చట. మా ఆయన సెలవు పెట్టి మరీ నన్ను దింపాడు. వెనక వరుసలో కూర్చున్నాను. పొడుగు బల్ల, దాని వెనక గైడు, పక్కన వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దాయన. ఆయన ముఖంలో ఏమీ తెలియట్లేదు.

అడగాల్సినవి చాలా అడిగాడు. చివరికి నాలుగో అధ్యాయం తెరిచాడు.

"ఆరు వందల ఎనభై మూడు జవాబులు మీరే మార్చేశారని మీరే రాశారు. రాయకపోతే మాకు తెలిసేది కాదు. ఎందుకు రాశారు?"

గైడు తల వంచుకున్నాడు. టీచరమ్మ కొప్పు మీదకి చెయ్యి పోయి, అక్కడ పెన్ను లేదని వెనక్కొచ్చింది.

"సార్, పిల్లలు ఎలా తప్పు చేస్తారో తెలుసుకోవాలని ఇక్కడిదాకా వచ్చాను. ఆ తప్పు నా ఎదురుగా ఉన్నా నా చెయ్యి దాన్ని ఉండనివ్వలేదు. క్లాసులోనూ ఇన్నేళ్లూ అదే చేశానని అప్పుడు తెలిసింది. ఆ సంగతి దాచి, మిగతాది పరిశోధన అని నేనెలా ఇస్తాను? పైగా ఇది నేను కనిపెట్టింది కూడా కాదు. టైపు చేసిన అమ్మాయి కనిపెట్టింది. ముందుమాటలో రాశాను."

పెద్దాయన ముందు పేజీలు తిప్పి చదివాడు. "ఆవిడ ఏం చదువుకుంది?"

"తొమ్మిదిన్నర," అంది టీచరమ్మ. "ఇంకా చదువుతోంది."

నేను తల దించుకున్నాను. అబద్ధమేమీ కాదు. త్రిభుజాల తర్వాత వృత్తాలదాకా వచ్చాం, మంగళ, శుక్రవారాల్లో.

మమ్మల్ని పావుగంట బయట నించోపెట్టారు. లోపలికి పిలిచాక పెద్దాయన లేచి నించున్నాడు. పట్టా ఇవ్వాలని సిఫారసు చేస్తున్నామన్నాడు. ముప్పై ఏడేళ్ల చదువు, ఒక్క వాక్యంలో అయిపోయింది. టీచరమ్మ చప్పట్ల మధ్య రెండు చేతులూ జోడించి అలాగే ఉండిపోయింది.

"ఒక్క షరతు," అన్నాడాయన, ఒక కాగితం చాపుతూ. "టైపింగులో పదమూడు తప్పులున్నాయి. నెల లోపల దిద్ది ఇవ్వండి."

టీచరమ్మ ఫక్కున నవ్వింది. గది మొత్తం ఎందుకో తెలియకపోయినా నవ్వింది. "దిద్దడానికి నెలెందుకు సార్," అంది.

బస్సులో సీటు దొరగ్గానే సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి, థీసిస్ ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టేసింది. ఆ పదమూడూ నా తప్పులే. ఇదివరకైతే నాకు అక్కడే దిగిపోవాలనిపించేది. ఆవిడ ఒక్కోటీ ఎర్రగా చుట్టి, అంచులో సరైనది రాస్తుంటే, పక్కన కూర్చుని పేజీ నంబర్లు చెప్పాను. పదకొండోదీ పన్నెండోదీ ఒకే పేజీలో ఉన్నాయి. పదమూడోది అయ్యాక ఆవిడ పెన్నుకి టోపీ పెట్టింది.

"టీచర్," అన్నాను. "నూట నలభై రెండో పేజీలో ఇంకోటుంది. వాళ్లు చూడలేదు."

"ఏదీ?" అంది ఆవిడ, కళ్లజోడు పైకి జరుపుకుంటూ.

చూపించాను.